మూత తీయని కూలెంట్ డబ్బా

దేవదానం రేపల్లెలో చెయ్యి తిరిగిన మెకానిక్. ఇంజను మోత విని జబ్బు చెప్పగలడు. ఆ సంగతి ఎవరూ అడక్కపోయినా తనే చెబుతాడు. పొలం లేదు కనుక, కోతపండుగకు చర్చికి అందరూ తొలిపంట తెస్తుంటే, ఆయన ముందురోజే చర్చి కారును షెడ్డుకు తెచ్చుకుని ఊరికే బాగుచేసి పెట్టేవాడు. అదే ఆయన కానుక. పదకొండేళ్లుగా ఒక్కసారీ తప్పలేదు. ముసలివాళ్లను, రోగులను తెనాలి, బాపట్ల ఆసుపత్రులకు తిప్పేది ఆ కారే.

రెండేళ్ల క్రితం పండుగకు రూబీ టీచరు కానుకగా, ఇంజను వేడెక్కకుండా రేడియేటర్‌లో పోసే కూలెంట్ డబ్బా ఒకటి తెచ్చింది.

"రెండేళ్లకోసారి మార్చాలని కారు పుస్తకంలో ఉందండి. పాతది తీసేసి ఇది పోయండి" అంది.

దేవదానం నవ్వి, డబ్బాను అటక మీద పెట్టాడు. మంచు కురిసే దేశాలవాళ్లకు గానీ మనకెందుకు అనుకున్నాడు. ఎప్పటిలాగే షెడ్డు వెనక బోరునీళ్లు పోశాడు. సముద్రం దగ్గరి ఊరు, నోట్లో పోసుకుంటే ఉప్పగా తగిలే నీళ్లు. తను తాగడానికి మాత్రం క్యాను తెప్పించుకునేవాడు మహానుభావుడు.

ఆమధ్య చర్చి కారు డ్రైవర్ ఫ్రాన్సిస్, ముసలి మంగాయమ్మను కంటి ఆపరేషన్‌కు తెనాలి తీసుకెళ్తుంటే, దారిలో జంపని ఊరి దగ్గర కారు ఆవిరి కక్కి ఆగిపోయింది. ఎండలో నిలబడి బస్సు పట్టుకునేసరికి ఆపరేషన్ వేళ దాటిపోయింది.

కారును తాడు కట్టి షెడ్డుకు లాక్కొచ్చారు. దేవదానం రేడియేటర్ మూత తీసి చూశాడు. లోపల తుప్పు బురద, గొట్టాల మూతుల దగ్గర తెల్లటి ఉప్పు పెచ్చులు. అది తను పోసిన ఉప్పునీళ్ల పనేనని ఆ క్షణమే తెలిసిపోయింది.

అంతలో చర్చి కమిటీ పెద్ద సుందరయ్య వచ్చాడు. "వేడి ముల్లు ఎర్రగీత దాటినా చూసుకోకుండా తోలాడు ఫ్రాన్సిస్. అంతేనా దేవదానం?"

"అంతే అయ్యుంటుందండి" అన్నాడు దేవదానం.

ఫ్రాన్సిస్ పక్కనే ఉన్నాడు. ఏమీ అనలేదు. సాయంత్రానికల్లా కమిటీ అతని దగ్గర తాళాలు తీసేసుకుంది.

ఆ తర్వాత మూడు ఆదివారాలు దేవదానం చర్చిలో తలెత్తి కూర్చోలేకపోయాడు. కారు ఇంజను విప్పి మళ్లీ బిగించాడు గానీ, అన్న ఒక్క మాటను వెనక్కి తీసుకోలేకపోయాడు. పదకొండేళ్లుగా దేవుడికి ఇస్తున్నాననుకున్నది ఉప్పునీళ్లా అని సిగ్గుతో చచ్చిపోయాడు. అయినా, చెబితే మెకానిక్‌గా తన పరువేం కాను? ఇరవై ఏళ్లు స్టీరింగ్ పట్టిన ఫ్రాన్సిస్, సోమవారం నుంచి బాపట్లలో లారీకి క్లీనరుగా పోతున్నాడని విన్నాక మాత్రం ఇక ఆగలేకపోయాడు.

మూడో ఆదివారం ఆరాధన అయ్యాక, దుమ్ము పట్టిన డబ్బాను అలాగే తెచ్చి చర్చిలో అందరి ముందు బల్ల మీద పెట్టాడు. "రూబీ టీచరు గారిచ్చిన కూలెంటండి ఇది. నేను పోయలేదు. బోరునీళ్లు పోశాను. కారు చెడగొట్టింది నేను, ఫ్రాన్సిస్ కాదు."

సుందరయ్య జేబులోంచి కారు తాళాలు తీశాడు. వాటిని ఫ్రాన్సిస్ చేతిలో పెట్టాడు.

మధ్యాహ్నం ఇద్దరూ షెడ్డులో కూర్చున్నారు. ఇంజను చల్లగా ఉండగానే మూత తీసి, రేడియేటర్ అడుగు బిరడా విప్పారు. ఎర్రనీళ్లు పోయి తేటనీళ్లు వచ్చేదాకా మంచినీళ్లతో కడిగారు. సగం కూలెంట్, సగం బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ కలిపి పోశారు. మూత తీసి ఉంచే ఇంజను తిప్పి, గాలి బుడగలు ఆగాక తగ్గినంత మళ్లీ పోయడం మొదలుపెట్టారు.

పోస్తూ దేవదానం అన్నాడు. "నీకు అన్యాయం చేశాను రా."

"ఆ రోజు మీరు మూత తీసినప్పుడు ఉప్పు నేనూ చూశాను బాబాయ్."

"మరి చెప్పలేదేంట్రా?"

"మీరే చెప్తారనుకున్నాను" అన్నాడు ఫ్రాన్సిస్. "అందుకే పక్కన నిలబడ్డాను."

దేవదానం అతని వైపు తిరిగేసరికి, పచ్చటి కూలెంట్ నేల మీద ఒలికింది.