పసుపు జట్టు ఓడిన ఆదివారాలు

మా తోటికోడలికి బాస్కెట్‌బాల్ నేర్పింది నేనే. ఈ సంగతి ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు. నేను మాత్రం మరిచిపోలేదు.

మా మరిదిని పెళ్లి చేసుకుని డాలస్ పక్కనున్న కాపెల్‌కి వచ్చిన కొత్తల్లో ఆమె ఇంట్లో ఒక్కతీ బిక్కుబిక్కుమంటూ కూర్చునేది. "ఆదివారం పొద్దున నాతో రా, నలుగురూ పరిచయమవుతారు" అని రిక్రియేషన్ సెంటర్‌కి వెంట తీసుకెళ్లాను. అక్కడ మేం తెలుగు ఆడవాళ్లం నాలుగు జట్లుగా లీగ్ ఆడుకుంటాం. నేను విజయవాడలో ఇంజినీరింగ్ చదివేటప్పుడు కాలేజీ జట్టులో ఆడినదాన్ని. ఆమె అంతవరకు బంతి ముట్టుకుని ఎరగదు. పైగా ఎడమచేతి వాటం. మొదట్లో డ్రిబుల్ చేయబోతే బంతి తన పాదానికే తగిలి ఎటో పోయేది, అది పట్టుకోవడానికి నవ్వుకుంటూ పరిగెత్తేది.

కొన్నాళ్లు తిరిగేసరికి ఆమె నీలం జట్టుకు కెప్టెన్ అయింది. కప్పు వరసగా వాళ్లదే. పండక్కో పబ్బానికో వాళ్లింటికి భోజనానికి వెళితే, టీవీ పైన అరలో కప్పులు వరసగా కనిపించేవి. "చూశావా, మా ఆవిడ కప్పుల దుమ్ము దులపడానికే నాకు టైమ్ సరిపోవట్లేదు" అనేవాడు మా మరిది. నేను పప్పు కలుపుకుంటూ తల పైకెత్తేదాన్ని కాదు. ఒకసారి మా అమ్మాయి వచ్చి, "అమ్మా, నాకు పిన్ని టీమ్ జెర్సీ కావాలి, నీ టీమ్‌ది వద్దు" అంది. ఎందుకని అడిగితే, "మీరు ఎప్పుడూ లూజ్ అవుతారు కదా" అంది. పిల్ల ఉన్నమాటే చెప్పింది. కానీ ఆ సాయంత్రమంతా తోటికోడలు ఫోన్ చేసినా ఎత్తలేదు.

మాది పసుపు జట్టు. మాకు కెప్టెన్‌గా ఉన్నావిడ సియాటిల్ వెళ్లిపోయింది. బాగా ఆడే ఇద్దరు, ఒకరు పురిటికి, ఒకరు నడుంనొప్పితో మానేశారు. మిగిలిన జట్టు కుప్పకూలింది. "నువ్వే సీనియర్‌వి, నువ్వు చూసుకో" అని కెప్టెన్సీ నా నెత్తిన పెట్టారు.

మా లీగ్‌లో ప్రతి సీజన్‌కి ముందు డ్రాఫ్ట్ ఉంటుంది. పేరు పెద్దదే కానీ, ఎవరో ఒకరి ఇంట్లో చేరి దోసెలు తింటూ మనుషుల్ని పంచుకోవడమే. ఒక్కో కెప్టెన్ తన పాతవాళ్లలో ముగ్గురిని అట్టేపెట్టుకోవచ్చు. మిగిలినవాళ్లూ కొత్తగా చేరినవాళ్లూ ఒక గుంపు. కెప్టెన్లు వంతులవారీగా అందులోంచి ఒక్కొక్కరినీ ఎంచుకుంటారు. కిందటిసారి ఆఖరున నిలిచిన జట్టుకు మొదటి పిక్. అంటే నాకు.

ఆ ఏడాది గుంపులో ఒకావిడ దూరం నుంచి గురి తప్పకుండా బుట్టలో వేస్తుందని పేరు. నేను ఆమెనే తీసుకుంటానని అందరూ అనుకున్నారు. నాకూ మొదట అదే ఆలోచన. కానీ ఆమెను తీసుకుంటే మేం నాలుగో స్థానం నుంచి మూడో స్థానానికి వస్తాం, అంతే. నాకు మూడో స్థానం అక్కర్లేదు. నాకు కావాల్సింది మా తోటికోడలిని ఓడించడం. ఆమె బలమంతా ఆ ఎడమచేతిలో ఉంది. పక్కనుంచి దూసుకొచ్చి, రెండడుగులు వేసి, ఎడమచేత్తో బంతిని పైకి జారవిడుస్తుంది. దాన్ని ఆపేంత పొడుగు మనిషి మా లీగ్ మొత్తంలో లేదు.

అలాంటి మనిషి నాకు పక్క ఊరు ఇర్వింగ్‌లో ఇండియన్ స్టోర్‌లో దొరికింది. పై అరలో ఉన్న ఆవకాయ సీసా అందక నేను మునివేళ్ల మీద ఎగురుతుంటే, వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి దాన్ని అలవోకగా తీసి ఇచ్చింది. తలెత్తి చూస్తే, నల్గొండ నుంచి మాస్టర్స్ చదవడానికి వచ్చిన అమ్మాయి. దాదాపు ఆరడుగులు. "బాస్కెట్‌బాల్ ఆడతావా?" అని అక్కడే అడిగాను.

"నాకేం ఆట రాదక్కా. అందరు గిదే అడుగుతరు" అంది విసుగ్గా.

ఎలాగో ఒప్పించి పేరు ఇప్పించాను. డ్రాఫ్ట్ రోజున మొదటి పిక్‌గా ఆ అమ్మాయి పేరు చెప్పాను. మా తోటికోడలు దోసె తుంచుతూ ఆగి, "అక్కా, సరదాకి అన్నావా?" అంది. ఆమె గొంతులో వెటకారం లేదు, నిజంగా నా మంచి కోరే అడిగింది. అందుకే ఇంకా మండింది.

రెండో రౌండ్‌లో ఇంకో పని చేశాను. ఇక్కడే పుట్టి పెరిగిన ఒకమ్మాయి, హైస్కూల్ జట్టులో ఆడిందట, గుంపులో ఉంది. ఎవరూ తీసుకోవట్లేదు. నేను ముందే ఫోన్ చేసి కనుక్కున్నాను. "ఆంటీ, ఐ కాంట్ ప్లే. నాకు నీ సర్జరీ అయింది" అంది. నా సర్జరీ ఏమిటి, నాకేం సర్జరీ కాలేదే అని ఒక నిమిషం తికమకపడ్డాను. తర్వాత అర్థమైంది, మోకాలికి ఆపరేషన్ అయిందని. ఆ సీజన్ అంతా ఆడే వీల్లేదు. అయినా తీసుకున్నాను. ఒక సీజన్ కూర్చోబెట్టినా సరే, తర్వాతి సీజన్లలో అట్టేపెట్టుకునే ముగ్గురిలో ఒకరిగా ఉంచుకోవచ్చు కదా అని.

ఆ సీజన్‌లో మేం ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. పొడుగమ్మాయి బంతి వస్తే రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకునేది. బంతి చేతికందితే చంకలో పెట్టుకుని పరిగెత్తేది. అందరూ నవ్వేవారు. ఇంకో అమ్మాయి మోకాలికి పట్టీతో బెంచీ మీద కూర్చుని, "ఆంటీ, షీ హాజ్ గుడ్ హ్యాండ్స్. కొంచెం టైమ్ ఇవ్వండి" అనేది. మా జట్టులో పాతావిడ ఒకరు నా మొహం మీదే, "మీకు గెలవాలని లేదా ఏంటండీ? ఆదివారం పూట ఇంట్లో పని మానుకుని వస్తున్నాం" అంది. మా ఆయన ఆ మాట కూడా అనలేదు. మ్యాచ్ నుంచి వచ్చాక స్కోరు అడగడం మానేశాడు.

ఆటల గొడవ ఒకటైతే, ప్రాక్టీస్ గొడవ ఇంకొకటి. పొడుగమ్మాయికి కారు లేదు. ఇర్వింగ్‌లో నలుగురితో కలిసి అపార్ట్‌మెంట్‌లో ఉంటుంది. నా ఆఫీస్ ఇంకోవైపు. మా తోటికోడలి ఆఫీస్ లాస్ కొలీనాస్‌లో, ఆ అమ్మాయి ఉండే చోటికి దగ్గర. "నేను పికప్ చేసుకొస్తాలే అక్కా, నాకు దారే" అంది. కాదనడానికి కారణం దొరకలేదు.

రెండో సీజన్ మొదలయ్యాక ఒకరోజు ప్రాక్టీస్‌లో ఆ అమ్మాయి పక్కనుంచి వచ్చి, రెండడుగులు వేసి, ఎడమచేత్తో బంతిని మెల్లగా పైకి జారవిడిచింది. బుట్టలో పడింది. జట్టంతా చప్పట్లు కొట్టారు.  ఆ కదలిక నాకు తెలుసు.

"ఎవరు నేర్పారు?" అన్నాను.

"చిన్నక్క నేర్పింది. మస్తు మంచిగ చెప్తదక్కా. కార్‌ల వచ్చేటప్పుడు కూడ గవే ముచ్చట్లు."

చిన్నక్క అంటే మా తోటికోడలు. నన్ను మాత్రం 'కెప్టెనక్కా' అని పిలిచేది. ఆటలు ముగిశాక చిన్నక్క ఇంట్లో పచ్చిపులుసు తిని, చిన్నక్క సోఫాలో నిద్రపోయి, చిన్నక్క కారులో ఇంటికి వెళ్లేది. నవ్వులపాలై, మాటలు పడి, ఆ అమ్మాయిని మొదటి పిక్‌గా తీసుకున్నది నేను. ఆ అమ్మాయి ప్రేమ మాత్రం అటు పోతోంది.

ఆ వారం వాళ్లింటికెళ్లినప్పుడు వంటగదిలో అడిగేశాను. "నా ప్లేయర్‌కి నువ్వెందుకు నేర్పిస్తున్నావు?"

ఆమె ఉల్లిపాయలు తరుగుతోంది. "అడిగింది, చూపించాను. అందులో ఏముందక్కా? నాకు నువ్వు నేర్పలేదా?"

నేను ఉల్లిపాయల ఘాటుకు కళ్లు తుడుచుకుంటున్నట్టు నటించి హాల్లోకి వచ్చేశాను.

ఆ సీజన్‌లో మోకాలి అమ్మాయి ఆటలోకి వచ్చింది. మొదట భయపడుతూ, గెంతాల్సిన చోట ఆగిపోతూ ఆడింది. మళ్లీ మేం ఆఖరే. కానీ ఓడినా స్కోరు దగ్గరదాకా వచ్చేది. చివర్లో ఒక మ్యాచ్ గెలిచాం కూడా. మోకాలి అమ్మాయి బంతి పైకి విసిరితే, పొడుగమ్మాయి గాల్లోనే అందుకుని బుట్టలో పెట్టేది. మోకాలి అమ్మాయికి తెలుగు అంతంతమాత్రం, పొడుగమ్మాయికి అప్పటికింకా అమెరికన్ ఇంగ్లీష్ పట్టుబడలేదు. అయినా కోర్టులో వాళ్లకి మాటల అవసరమే ఉండేది కాదు. వాళ్లను చూస్తే నాకు గర్వంగా ఉండేది. కాలేజీ రోజుల్లో కూడా నాకు అలాంటి జోడీ దొరకలేదే అని ఏడుపూ వచ్చేది.

మూడో సీజన్‌లో ఫైనల్‌కి చేరాం. ఎదుట నీలం జట్టు.

నేను మూడు సీజన్లుగా ఎదురుచూసిన మ్యాచ్ అది. మా తోటికోడలిని నేనే అడ్డుకాస్తానని ముందే చెప్పేశాను. ఆట మొదలైంది. ఆమె కుడివైపు వెళ్లినట్టే వెళ్లి ఎడమకు తిరిగి నన్ను దాటిపోయింది. మళ్లీ దాటిపోయింది. నా కాళ్లు నా మాట వినడం లేదు. ఊపిరి ఆడడం లేదు. మేం వెనకబడ్డాం. టైమ్ అవుట్ తీసుకుంటే అందరూ నా వైపు చూడకుండా నీళ్లు తాగుతున్నారు. మోకాలి అమ్మాయి ఒక్కతే నోరు విప్పింది.

"ఆంటీ, ప్లీజ్ డోంట్ ఫీల్ బ్యాడ్. వాళ్లు అన్నిసార్లు మీ సైడ్ నుంచే వస్తుంది. మీరు కూర్చోండి."

పొడుగమ్మాయి తల దించుకుని, "చిన్నక్క ఎట్ల తిరుగుతదో నాకు ఎరికే అక్కా. నేను ఆపుత" అంది.

వెళ్లి కూర్చున్నాను. బెంచీ మీద నుంచి చూస్తుంటే, నేను కట్టిన జట్టు నేను లేకుండా ఎంత బాగా ఆడుతోందో స్పష్టంగా కనిపించింది. మా తోటికోడలు ఎడమచేత్తో జారవిడిచిన బంతిని పొడుగమ్మాయి గాల్లోనే కొట్టేసింది. ఒకసారి కాదు, వచ్చినప్పుడల్లా. నేను కలలు కన్నది సరిగ్గా ఇదే. కానీ ఆ కలలో నేను కోర్టులో ఉన్నాను. బంతి చేతులు మారుతున్న ప్రతిసారీ ఆ చేతుల మీద కుళ్లు పుట్టింది. మేం గెలిచాం. అందరూ ఒకరి మీద ఒకరు పడి అరుస్తుంటే, లేచి అక్కడికి నడవడానికి నాకు కొంచెం సేపు పట్టింది.

మా తోటికోడలు చెమటతో వచ్చి నా పక్కన కూలబడింది. "ఆ పిల్లని ఫస్ట్ పిక్ తీసుకున్నప్పుడు నీకు మతి పోయిందనుకున్నానక్కా. నీకెలా తెలుసు?"

"తెలీదు" అన్నాను. "నీ కోసం తీసుకున్నాను. నిన్ను ఆపడానికి."

ఆమె నవ్వబోయి, నా మొహం చూసి ఆగింది. "నా మీద ఇంత కోపమా?"

"కోపం కాదు."

ఆమె తన సీసాలో మిగిలిన నీళ్లు నాకు ఇచ్చింది. తాగాను.

ఆ వేసవిలో పొడుగమ్మాయికి అట్లాంటా దగ్గర అల్ఫారెట్టాలో ఉద్యోగం వచ్చింది. ఎయిర్‌పోర్టులో దింపడానికి ఇద్దరం వెళ్లాం. ఆ అమ్మాయి నా కాళ్లకు వంగి దండం పెట్టి, మా తోటికోడలి మెడ చుట్టూ చేతులు వేసి ఏడ్చింది. దండం వద్దు, నాకూ అదే కావాలి అనిపించింది. పైకి మాత్రం, "వెళ్లగానే ఫోన్ చెయ్యి" అన్నాను.

తర్వాతి సీజన్‌కి కెప్టెన్సీ మోకాలి అమ్మాయికి ఇచ్చేశాను. ఆ అమ్మాయి చాలా ఇబ్బందిపడుతూ ఫోన్ చేసింది. ముగ్గురినే ఉంచుకోవాలి, ఆంటీ, ఐయామ్ సో సారీ అంది. నేనైనా అదే చేసేదాన్ని అని చెప్పాను. అది నిజమే.

అలా మొదటిసారి నేను గుంపులో చేరాను. డ్రాఫ్ట్ రోజున గోడవారన కూర్చుని, ప్లేట్‌లో పెసరట్టు చల్లారిపోతుంటే, ఒక్కో పేరూ వింటూ కూర్చున్నాను. నిన్నమొన్న చేరిన అమ్మాయిలు నాకంటే ముందు వెళ్లిపోతున్నారు. ప్రతి పేరుకీ ఆ మనిషి వైపు చూసి, ఈమెలో ఏముందని అనుకున్నాను. ఎవరి వంతు వస్తే వాళ్ల కళ్లు నా మీద నుంచి మర్యాదగా జారిపోతున్నాయి. చివరిదాకా మిగిలిపోతానేమోనని, బాత్‌రూమ్‌కి వెళ్లే నెపంతో లేచాను.

"కూర్చో అక్కా" అంది మా తోటికోడలు. తర్వాత మిగతా కెప్టెన్ల వైపు తిరిగి నా పేరు చెప్పింది.

"వయసు చూసుకున్నావా?" అని ఎవరో నవ్వుతూ అన్నారు.

"ఆడించను, పక్కన కూర్చోబెట్టుకుంటాను. డ్రాఫ్ట్‌లో ఎవరిని తీసుకోవాలో చెబుతుంది" అంది. తర్వాత కుర్చీ నా దగ్గరకు లాక్కుని, గొంతు తగ్గించి అడిగింది. "ఇంకో రెండు పిక్‌లు ఉన్నాయి. ఎవరిని తీసుకుందాం?"

గోడవారన మిగిలిన వాళ్లను చూశాను. కిటికీ దగ్గర ఒకామె ఎవరితోనూ మాట్లాడకుండా, బంతిని వేలి మీద తిప్పడానికి ప్రయత్నిస్తూ పదేపదే జారవిడుస్తోంది.

"ఆమెని" అన్నాను.

"బంతే పట్టుకోలేకపోతోందక్కా."

"చూస్తున్నాను" అన్నాను.