ఇనుముకు పెట్టిన అయిదు బొట్లు

అయిదు పసుపు బొట్లు. పన్నెండేళ్ళుగా వాటి బరువు మోస్తున్నాను. బొట్టుకు బరువేమిటని మీరు అనుకోవచ్చు. మొదట్లో నేనూ అట్లాగే అనుకున్నాను. అనుకుని, కడుపునిండా తిని, నిద్ర కూడా పోయాను. ఆ నిద్ర తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

రోజూ దీపం పెట్టినప్పుడు నాకు మేలు చేసినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెప్పుకోవడం నా అలవాటు. మా బాపు నేర్పింది. నన్ను బడికి పంపలేదు గాని, పలక మీద అక్షరాలు దిద్దించాడు, పురాణం చదవడం నేర్పాడు. దేవుణ్ణి అడగడం తర్వాత, ముందు ఇచ్చినవాళ్ళను తలుచుకోమనేవాడు. అందుకని నేను ఏమీ అడగను. పేర్లు చెప్తాను. బాపు, అవ్వ, నన్ను చేరదీసిన అన్న, వదిన, జ్వరమొచ్చినప్పుడు గంజి కాచి ఇచ్చిన పక్కింటి ఆమె. ఆ వరసలో ఒక పేరు దగ్గర నోరు ఆగిపోతుంది. మల్లయ్య. చెప్పకుండా దాటితే అతను చేసిన మేలు మరిచినట్టు. చెప్తే, ఏ మొహంతో చెప్పను? నేను బతుకు చెడగొట్టిన మనిషికి నేనే దండం పెట్టడం ఎట్లాంటి భక్తి?

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

పెళ్ళయిన నాలుగేళ్ళకు నా భర్త పోయాడు. పిల్లలు లేరు. అన్న వచ్చి, నా ట్రంకుపెట్టె సైకిలు వెనక కట్టుకుని, నన్ను నిజామాబాద్ తీసుకువచ్చాడు. అన్నకు స్టేషను అవతల ఇనుప పని షెడ్డు ఉండేది. ముందు ఇల్లు, వెనక షెడ్డు. వంటింటి తలుపు తీస్తే షెడ్డులోకే. ఆ వంటింట్లో నాకొక మూల ఇచ్చారు. తిండికీ బట్టకూ ఏనాడూ లోటు చేయలేదు. ఈ మాట రాయకుండా తక్కినది రాయడం తప్పు. కాని పని చెప్పడానికి కాక, ఊరికే నాతో మాట్లాడేవాళ్ళు ఆ ఇంట్లో ఎవరూ లేరు. పండుగ వస్తే పసుపు కొమ్ములు రోట్లో వేసి దంచేది నేను. జల్లెడ పట్టేది నేను. మోచేతుల దాకా పచ్చబడేవి. ఆ పసుపు గడపకు రాసేది మాత్రం వదిన. ఆ వేళ నేను బయటికి రాకూడదు. రావద్దని ఎవరూ అనలేదు. అనాల్సిన అవసరం రాలేదు.

మాట్లాడేవాడు మల్లయ్య ఒక్కడే. జక్రాన్‌పల్లి మనిషి. షెడ్డులో ఇసుక కొట్టే పని అతనిది. మంచినీళ్ళకు తలుపు దగ్గరికి వచ్చినప్పుడు రెండు నిమిషాలు నిలబడి, ఆ రోజు ఏం పని జరుగుతున్నదో చెప్పి పోయేవాడు. నన్ను అక్కా అని పిలిచేవాడు. రోజు మొత్తంలో నా చెవిన పడే మెత్తటి మాట అదొక్కటే.

ఆ ఏడు అన్నకు ఒక గేటు చేసే పని దొరికింది. నిజాంసాగర్ కాలువ నుంచి బోధన్ చెరుకు తోటలకు నీళ్ళు వదిలే తూము గేటు. రంగు వేస్తే రెండేళ్ళకు లేచిపోతుంది, అల్యూమినియం పూత కావాలన్నాడు ఇంజినీరు. దానికి బొంబాయి నుంచి పూత కొట్టే పిస్తోలు ఒకటి తెప్పించారు. అల్యూమినియం తీగ వెనక నుంచి లోపలికి పోతుంది. ముందు గ్యాసు మంటలో కరుగుతుంది. గాలి దాన్ని సన్నటి తుంపరగా చేసి ఇనుము మీదికి కొడుతుంది. వంటింటి కిటికీలోంచి చూస్తే వెండి మంచు కురుస్తున్నట్టు ఉండేది. ఆ పూత ఉంటే నీళ్ళలో నానినా ఇనుముకు తుప్పు పట్టదట. మల్లయ్యే చెప్పాడు.

"ముందుగాల తను అరుగుతదక్కా. ఇనుమును అరగనియ్యది."

పూత పడాలంటే దానికంటే ముందు ఇసుక కొట్టాలి. గాలి జోరుతో ఇసుక కొడితే పాత తుప్పూ పొట్టూ రాలిపోయి ఇనుము తెల్లగా, గరుకుగా తేలుతుంది. అప్పటి నుంచి పూత పడేదాకా దాన్ని ఎవరూ ఉత్త చేత్తో ముట్టకూడదు. నీటి తడి తగిలితే పూట తిరగకముందే ఎర్రబడుతుంది. చేతి జిడ్డు అంటితే కంటికి కనపడదు గాని అక్కడ పూత పట్టుకోదు. అది మడి కట్టుకున్నట్టేనని మల్లయ్య నవ్వేవాడు. మడి అంటే నాకు బాగా తెలుసు. అందుకే ఆ మాట అంత బాగా గుర్తుంది.

ఆ పనికి అతని చేతులు పగిలిపోయేవి. నేను ఒక చిన్న సీసాలో నువ్వుల నూనె పోసి ఇచ్చాను. సాయంత్రం ఇంటికి పోయేముందు రాసుకోమన్నాను. ఎవరికీ చెప్పలేదు. భర్త లేని ఆడది పనివాడికి నూనె ఇచ్చిందంటే మాటలు ఎట్లా పుడతాయో మీకు తెలుసు.

ఇక ఆ రోజు సంగతి. వాయిదా వేస్తూ ఇంతదూరం వచ్చాను.

మధ్యాహ్నం. గేటుకు ఇసుక కొట్టడం అయిపోయింది. గ్యాసు సిలిండరు ఇంకా రాలేదని అన్న బండి తీసుకుని స్టేషనుకు పోయాడు. తక్కినవాళ్ళు ఇంటి ముందు తిండికి కూర్చున్నారు. గేటు మీద ఉతికిన దుప్పటి కప్పి, మల్లయ్యను కావలి ఉంచారు. అతని భార్య పదిరోజుల బాలింత. పొద్దున ఏమీ తినకుండా వచ్చాడని మొహం చూస్తేనే తెలుస్తున్నది. నువ్వు పోయి తినిరా, నేను చూస్తుంటానన్నాను. పోయాడు.

జాలితోనే పంపానా? ఇన్నేళ్ళుగా అదే అడుగుతున్నాను. జాలి ఉంది, అబద్ధం కాదు. కాని అతను పోతే నేను ఒక్కదాన్నే ఉంటానన్న సంగతి కూడా నాకు ముందే తెలుసు.

పూత అయ్యాక మర్నాడు గేటుకు పూజ. వదిన పసుపు కుంకుమలు పెడుతుంది. అన్న టెంకాయ కొడతాడు. నేను వంటింట్లో ఉంటాను. ఆ గేటు నీళ్ళు పారేది నా అత్తగారి ఊరి మీదుగానే. నా భర్త సాయంత్రాలు ఆ కాలువలోనే కాళ్ళు కడుక్కుని ఇంటికి వచ్చేవాడు. ఆ నీళ్ళకు దండం పెట్టే హక్కు నాకు లేదా? ఒక్కసారి, నేను దంచిన పసుపు నా చేత్తో ఒక మంచి పనికి పెట్టాలనిపించింది. అదొక్కటే. ఇప్పుడు రాస్తుంటే చాలా చిన్న కోరికలా ఉంది. ఆ రోజు గొంతు దాకా వచ్చింది.

నీళ్ళతో కలిపితే ఇనుము ఎర్రబడుతుందని తెలుసు. అందుకని పసుపును నూనెతో కలిపాను. తలుపు బందులకు నూనె వేస్తాం కదా, ఇనుముకు నూనె మంచిదే కదా అనుకున్నాను. మరి జిడ్డు కూడదన్నాడే? అది చేతి మైల. దీపానికి పోసే నూనె మైల ఎట్లా అవుతుంది? ఇట్లా నాకు నేనే సమాధానం చెప్పుకున్నాను. అడిగితే మల్లయ్య వద్దంటాడని తెలుసు. అందుకే అడగలేదు.

దుప్పటి మూల ఎత్తి బొట్లు పెట్టాను. నాలుగు వరసగా వచ్చాయి. అయిదోదానికి గేటు ఇనుప పట్టీ అడ్డం వచ్చి, పక్కకు, కొంచెం కిందికి పెట్టాను. కుంకుమ ముట్టడానికి ధైర్యం చాలలేదు. కళ్ళు మూసుకుని దండం పెట్టుకున్నాను. తర్వాత కొంగుతో గట్టిగా తుడిచేశాను. పచ్చదనం పోయింది. దుప్పటి కప్పేశాను. మల్లయ్య మూతి తుడుచుకుంటూ వచ్చాడు. సిలిండరు వచ్చింది. పొద్దు గుంకేలోగా గేటంతా వెండిలా అయింది.

మర్నాడు వదిన పూజ చేస్తుంటే నేను వంటింట్లో కూర్చుని నవ్వుకున్నాను. నా బొట్లు లోపల ఉన్నాయి, ఆమెవి పైన. ఆ సంతోషం కొన్ని నెలలు నాతో ఉంది. అదీ ఒప్పుకోవాలి.

కాలువ కట్టేసిన కాలంలో ఇంజినీరు చూస్తే, గేటు మీద అయిదుచోట్ల పూత పొక్కులు లేచి రాలిపోయి ఉంది. లోపల తుప్పు. గేటు విప్పి బండి మీద షెడ్డుకు తెచ్చారు. ఎవరి చేతి తప్పో తేల్చాలి, లేకపోతే ఇంకో గేటు ఇచ్చేది లేదన్నాడట. సాయంత్రం పని ముగిశాక అన్న అందరినీ నిలబెట్టాడు. నేను వంటింటి తలుపు వెనక ఉన్నాను. తలుపు జానెడు తెరిచి ఉంది.

"ఏం మల్లయ్య, గిదేంది?"

"నాకెర్క లేదు సేటు."

"నీకెర్క లేకుంటె ఇంకెవలికెర్క? నాలుగు వేళ్ళు, పక్కకు బొటనవేలు. చెయ్యి ఆనిచ్చినట్టు లేదా? నువ్వే పెట్టి సూడు."

"నేను ముట్టలే సేటు. మా పిల్ల మీద ఒట్టు."

"పసిపిల్ల మీద ఒట్టేందిరా! నిన్ను కావలి ఉంచితి గదా. ఉన్నవా, లేవా?"

మల్లయ్య గేటు వైపు చూశాడు.

"ఉన్న సేటు."

"ఎటన్న పోయినవా?"

"పోలే."

"చేతులు సూపియ్యి. గీ జిడ్డేంది?"

"నూనె."

"ఎవలిచ్చిన్రు?"

అతను తల ఎత్తి తలుపు వైపు చూశాడు. ఒక్క క్షణమే. నేను కనిపించానో లేదో నాకు తెలియదు.

"ఇంటికాంచి తెచ్చుకున్న."

"ఇంటికాంచి తెచ్చుకున్నడంట!" అన్న తక్కినవాళ్ళ వైపు తిరిగాడు. "కూరల ఏసుకోనీకె లేదు గని, దొరగారి చేతులకు నువ్వుల నూనె!"

ఎవరో నవ్వారు. మల్లయ్య నవ్వలేదు, ఏడవలేదు. తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. రేపటి నుంచి రావద్దన్నాడు అన్న. పోయొస్తనని చెప్పి, మల్లయ్య వెళ్ళిపోయాడు.

నేను తలుపు దాటలేదు. నా చెయ్యి గొళ్ళెం మీదే ఉంది. ఆ ఇనుప గొళ్ళెం చల్లదనం ఇప్పటికీ ఈ చేతికి తెలుస్తుంది.

ఎందుకు నోరు తెరవలేదు? విధవ చెయ్యి ముందు పడ్డది కాబట్టే గేటు చెడిందని వదిన అంటుంది. అన్న కూడా నమ్ముతాడు. ఆ వంటింటి మూల కూడా పోతే నాకు ఎక్కడ చోటు? అప్పుడు భయం. నిజమైన భయమే. కాని అన్న పోయి రెండేళ్ళయింది. వదిన ఇప్పుడు నా చేతి ముద్ద తిని, నా భుజం పట్టుకుని నడుస్తుంది. భయపడాల్సినవాళ్ళు లేరు. అయినా చెప్పలేదు. అంటే భయం ఒక్కటే కాదన్నమాట. మంచిదాన్నని పేరు పడింది. ఆ పేరు నాకు తియ్యగా ఉంది.

నేనేనని తెలిసి మల్లయ్య నన్ను కాపాడాడా? కావలి వదిలి పోయిన సంగతి బయటపడుతుందని తన కోసమే అబద్ధమాడాడేమో. అట్లా అయితే నాకు కొంచెం తేలిక. కాని నూనె సంగతిలో ఆడిన అబద్ధం? అది మాత్రం నా కోసమే. ఎన్ని రకాలుగా తిప్పినా అది నా కోసమే.

ఆ అయిదుచోట్లా మళ్ళీ ఇసుక కొట్టి, పూత వేసి, గేటును పంపేశారు. మల్లయ్యకు మాత్రం ఊళ్ళో ఏ షెడ్డులోనూ పని దొరకలేదు. జిడ్డు మల్లయ్య అని పేరు పెట్టారు. ఒకసారి బోధన్ పోతుంటే, చక్కెర ఫ్యాక్టరీ ముందు చెరుకు బండ్ల వరసలో కనిపించాడు. బండికి చెరుకు ఎక్కించే కూలికి పోతున్నట్టున్నాడు. బస్సు కిటికీలో నన్ను గుర్తుపట్టాడు. "మంచిగున్నవా అక్కా?" అని గట్టిగా అడిగాడు. అడిగి, రెండు అరచేతులూ ఎత్తి చూపించాడు. పగుళ్ళు మానాయని. మానాయి నిజమే. వాటి మీద చెరుకాకు కోసిన కొత్త గీతలు ఉన్నాయి. బస్సు కదిలింది. నేను తల ఊపాను. తల ఊపడం తప్ప ఏమీ చేయలేదు.

పోయిన నెల జక్రాన్‌పల్లి పోయాను. దారి పొడుగునా ఒకే మాట కూడబలుక్కున్నాను. ఇంటికి తాళం. "బొంబాయి దిక్కు పోయిన్రవ్వా, ఎప్పుడస్తరో ఏమో" అన్నది పక్కింటామె. చాలా ఏళ్ళయిందట. కూర్చొమ్మని పీట వేసి మజ్జిగ ఇచ్చింది. తాగి, ఆమె పేరు అడిగి తెలుసుకుని వచ్చేశాను. ఇప్పుడు పొద్దున్నే ఆమె పేరు కూడా చెప్పుకుంటాను.

ఆ తర్వాత గేటు చూడటానికి పోయాను. కాలువ నిండా నీళ్ళు. గేటు పైభాగం బయటికి ఉంది. ఎక్కడా తుప్పు లేదు. మళ్ళీ పూసిన అయిదుచోట్లా కొంచెం తెల్లగా తేడా తెలుస్తున్నది, తెలిసినవాళ్ళకు. వంగితే చెయ్యి అందేది. ముట్టలేదు.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. క్షమించాల్సినవాడు ఎక్కడ ఉన్నాడో నాకు తెలియదు. ఆ తలుపు మాత్రం ఇన్నాళ్ళూ జానెడే తెరిచి ఉంది. ఈ రోజు, కాగితం మీదనైనా, దాన్ని పూర్తిగా తీసి, గడప దాటి, అందరి ముందు నిలబడి, ఆ రోజు ఒక్క ఊపిరిలో అయిపోవలసిన మాట అంటున్నాను.

అన్నా, మల్లయ్య ముట్టలే. నేను ముట్టిన.