గైడుగారి క్లాసులు

నేను యూనివర్సిటీలో రీసెర్చి చేస్తూ, మా గైడుగారి బదులు ఎం.ఏ. వాళ్లకి పాఠాలు చెబుతున్న రోజులవి. ఒకసారి రాజోలు నుంచి అమలాపురం వెళ్లే బస్సులో, ఆయన నాకప్పగించిన పరీక్ష పేపర్లు ఒళ్లో పెట్టుకుని దిద్దుతున్నాను. పక్క సీట్లో ఉన్న నలభై ఏళ్లావిడ కాసేపు చూసి అడిగింది.

“మీ గైడుగారి పేపర్లాండీ? రీసెర్చి చేసేటప్పుడు నేనూ ఇలాగే దిద్దేదాన్నండి.”

“ఆయ్. క్లాసులు కూడా నేనే చెబుతానండి. లెక్చరర్ పోస్టు పడితే నాకే ఇప్పిస్తానన్నారు.”

“మా గైడుగారూ నాతో అలాగే అన్నారండి. పోస్టు పడ్డాక వాళ్లల్లుడికి ఇప్పించుకున్నారు. అతనికి అలవాటయ్యేదాకా పాఠాలు నన్నే రాసిమ్మన్నారు.”

“రాసిచ్చేరా?”

“ఇచ్చేనండి. నా థీసిసు మీద సంతకం పెట్టాల్సింది ఆయనే కదా.”

“పెట్టేరా మరి?”

ఆవిడ తల అడ్డంగా ఊపింది. అంబాజీపేటలో దిగుతూ, “మిమ్మల్ని మానెయ్యమని చెప్పనండి. అప్పట్లో నాకు చెప్పినవాళ్ల మీద నాకు కోపమే వచ్చింది,” అంది.

నాకూ ఆవిడ మీద కోపమే వచ్చింది. ఇంకొకళ్ల అదృష్టం చూడలేని మనిషి అనుకున్నాను.

కొన్నాళ్లకి పోస్టు పడింది. ఇంటర్వ్యూలో బల్లకి అవతల కూర్చున్న మా గైడుగారు, తక్కిన పెద్దల ముందు నాకేసి చూసి, “నీ పేరేమిటోయ్?” అని అడిగారు.