భర్తీ నీళ్లు

మా బాయి పోయింది. తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను కళ్యాణ్‌లో మా కాలేజీ ల్యాబులో ఉన్నాను. బయట జోరువాన. "అక్కా, బాయి పోయింది. దవాఖాన దాకా పోనేలేదు" అన్నాడు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇది రాస్తున్నప్పుడూ అదే కోపం ఉంది. కాబట్టి ఇందులో మెత్తని మాటలు తక్కువగా ఉంటే చదివేవాళ్లు మన్నించాలి. మన్నించకపోయినా సరే.

బాయి అంటే మా టీచరు. మరాఠీ బడుల్లో పంతులమ్మను అలా పిలుస్తారు. కామాటిపురలోని తెలుగు బడిలో మాకూ అదే అలవాటైంది. పాలమూరు నుంచి కొత్తగా పనికి వచ్చిన మా మేనమామకు మాత్రం బాయి అంటే బావి. "మా బాయి కొడుతది మామా" అని నేనంటే, "నీళ్లున్న బాయా, ఎండిన బాయా?" అని అడిగాడు. ఆ సంగతి ఆమెకు చెబితే నవ్వి, "నీళ్లున్నయో లేవో పరీక్షల సూస్కొమ్మను" అన్నది.

సైన్సు చెప్పేది. ఒంటిగది ఇళ్లు వరుసగా ఉండే మా చాల్‌లోనే, మొదటి అంతస్తులో ఉండేది. వానకాలం వచ్చిందంటే పొద్దున్నే మరాఠీ పేపర్లో సముద్రం పోటు వేళలు చూసేది. ఎన్నికలైనా, క్రికెట్టయినా దాని తర్వాతే. ఆపైన గ్యాలరీలోకి వచ్చి చాల్ అంతటికీ వినబడేలా కేకేసేది. "ఇయ్యాల పగటీలి పెద్ద భర్తీ ఉంది. కిందోళ్లు గ్యాస్ బండ మంచమ్మీద పెట్టుర్రి. బియ్యం డబ్బా పైకి పంపుర్రి." పోటు ఉన్నప్పుడు గట్టి వాన కూడా పడితే నీళ్లు సముద్రంలోకి పోలేక మా గల్లీల్లోనే నిలుస్తాయి.

సముద్రం పోటును మరాఠీలో భర్తీ అంటారు, ఆటును ఓహోటి అంటారు. తాతల నాటినుంచి మా ఇళ్లలో కూడా అవే మాటలు. పుస్తకంలో మాత్రం ఆటుపోట్లు. మేము తికమకపడుతుంటే బాయి తేల్చేసింది. "పరీక్షల పోటు రాయుర్రి, ఇంట్ల భర్తీ అనుర్రి. సముద్రానికి రెండూ అర్థమైతయి." ఆ పాఠం కోసం మమ్మల్ని నడిపించుకుంటూ సముద్రపు ఒడ్డుకు, చౌపాటీకి తీసుకెళ్లింది. మేము నీళ్లలో దిగితే చెవులు మెలేసింది. గొంతెత్తి, "మన తాతలు గీ సముద్రంల మట్టి మోసి పోసిర్రు, అట్ల పుట్టింది ఈ పట్నం. సముద్రం అది మర్సిపోలే. ఏడాదికోపారి మన గల్లీల దాకొచ్చి సూసి పోతది" అని చెప్పింది. నేను నీళ్ల మీద పరిశోధన చేస్తున్నానంటే ఆ మధ్యాహ్నం పుణ్యమే.

పోయిన చలికాలం ఈ పట్నంలోనే పెద్ద హోటల్లో ఒక సదస్సు జరిగింది. సముద్రాలు, సరస్సులు, నీటిలో బతికే జీవాల మీద. పోటూ వానా కలిసినప్పుడు మా పేటలో నీళ్లెలా నిలుస్తాయో నేనొక పత్రం చదవాలి. బాయిని వెంట తీసుకెళ్లాను. తెలుగు బడి ఎప్పుడో మూతపడింది, పాఠం చెప్పడానికి ఆమెకు ఎవరూ మిగల్లేదు. గంజిపెట్టిన చీర కట్టుకుని, మెడలో వాళ్లిచ్చిన కార్డు వేసుకుని ముందు వరుసలో కూర్చుంది. తెర మీద పైన గడ్డకట్టిన సరస్సు, మంచు కింద ఈదుతున్న చేపలు కనిపించగానే నా మోచేతిని పొడిచింది. "చెప్పలేదానె నేను? పైనే గడ్డగడ్తది, కింద చేపలు సల్లగుంటయి." ఆ పాఠం ఏళ్ల తరబడి చెప్పింది. చూడటం మాత్రం అదే మొదలు.

నా పత్రం అయ్యాక ప్రశ్నలడగమన్నారు. అధ్యక్షుడు హైదరాబాదు నుంచి వచ్చిన పెద్ద శాస్త్రవేత్త. ఆయన తెలుగువాడని తెలిసి బాయి మొహం వెలిగిపోయింది. లేచి నిలబడి తెలుగులోనే అడిగింది. "సార్, నేను కామాటిపురల ఉంట. భర్తీ అయినప్పుడు లోపటున్న ముసలోళ్లు, రోగమొచ్చినోళ్లు ఏం చెయ్యాలె? మీరందరు గింత చదివిర్రు గదా, జెర చెప్పుర్రి."

కామాటిపుర అనగానే ఇద్దరు ముగ్గురు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ పేరు వింటే జనానికి గుర్తొచ్చేది సానివాడ ఒక్కటే. ఈ పట్నం కట్టిన కామాటి కూలీల పేరే దానికి పెట్టారని ఎవడికీ పట్టదు. అధ్యక్షుడు చిరునవ్వుతో, "అమ్మా, ఉద్యోగాల భర్తీ సంగతి ఇక్కడ కాదు, ప్రభుత్వాన్ని అడగాలి" అన్నాడు. తెలుగు వచ్చినవాళ్లు నవ్వారు. రానివాళ్లు వాళ్లను చూసి నవ్వారు. పోటు అని ఆమె ఉద్దేశమని నేను చెప్పబోయేలోగా గంట మోగింది. "టీ విరామంలో మాట్లాడుకుందాం" అన్నాడాయన. విరామంలో ఆయన చుట్టూ ఫొటోలు దిగేవాళ్లే. మా వైపు రాలేదు.

బయటికొచ్చాక బస్టాపులో బాయి మెడలోని కార్డు తీసి సంచిలో పెట్టుకుంది. తర్వాత మెల్లగా అన్నది. "పోటు అనాల్నని నాకెర్క లేదానె? ఇంతమందికి నేర్పిన. తెలుగాయన దొరికిండని ఇంటి మాట నోట్లెకొచ్చింది." ఆమె గొంతు అలా పలకడం నేనెప్పుడూ వినలేదు. ఆ నవ్విన మొహాలన్నీ నాకు గుర్తున్నాయి. ప్రశ్న అర్థం కాకపోతే మళ్లీ అడిగించుకోవచ్చు. ఒక్క నిమిషం పని. నీళ్ల గురించి రెండు రోజులు మాట్లాడినవాళ్లకు నీళ్లలో ఉన్న మనిషితో మాట్లాడటానికి ఆ నిమిషం దొరకలేదు.

ఆమె పోయిన రోజు కూడా పొద్దున పేపరు చూసి భర్తీ సంగతి కేకేసి చెప్పిందట. పగటిపూట గుండెలో నొప్పి అన్నది. తమ్ముడు అంబులెన్సు పిలిచాడు. అది ఫాక్‌లాండ్ రోడ్డు మీదే ఆగిపోయింది. గల్లీలో నడుములోతు నీళ్లు, ఇంజన్లోకి పోతాయన్నాడు డ్రైవరు. అతణ్ణి తిట్టలేను. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు ఆమెను నీళ్లలో మోశారు. వాళ్లు కంగారుపడుతుంటే ఆమే ధైర్యం చెప్పింది. "నిమ్మలంగా నడువుర్రి. ఓహోటి వొస్తది." బండి దగ్గరికి చేరేసరికి పలకలేదు.

"వయసైంది కదా, తల్లీ" అన్నారు పరామర్శకు వచ్చినవాళ్లు. వయసై పోలేదు. ఆస్పత్రి కాగితంలో గుండె ఆగిపోయిందని రాశారు. బండి ఆగిపోయిన సంగతి ఏ కాగితంలో రాస్తారు?

వానకు ఆగిన రైళ్లు మళ్లీ నడవడం మొదలయ్యాక నేను చేరుకున్నాను. అప్పటికి నీళ్లన్నీ వెళ్లిపోయాయి. గల్లీలో ఆడవాళ్లు చీపుళ్లతో బురద నెడుతున్నారు. కాసేపటికి అదే అంబులెన్సు ఆమెను ఆస్పత్రి నుంచి తీసుకొచ్చింది. తమ్ముడు ముందు సీట్లో తల వంచుకుని ఉన్నాడు. బండి ఫాక్‌లాండ్ రోడ్డు మీంచి తిరిగి, ఎక్కడా ఆగకుండా, నేరుగా మా చాల్ గుమ్మం ముందుకొచ్చి నిలబడింది. డ్రైవరు దిగి వెనక తలుపు తీశాడు.