మేడమీద మాస్టారు చెప్పకుండా వెళ్లిన మాట

మా మేడమీద మాస్టారు మొన్న తెల్లవారుజామున పోయారు. గుండె ఆగిందన్నారు. కింద వాటాలో ఉన్న నాకు మంచం లాగిన చప్పుడు వినిపించింది. ఏదో సర్దుకుంటున్నారనుకున్నాను.

ఆయన కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరయ్యాక మల్కాపురంలో మా పైన భార్యతో ఉండేవారు. నేను చేపలమ్ముకుని బతికినదాన్ని. నా చదువు అయిదో తరగతితో ఆగింది. నేను పెంచిన మనవరాలు డిగ్రీలో లెక్కలు చదివి, ఇప్పుడు స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చేస్తానంది. ఈ వేసవి సాయంత్రాలన్నీ మాస్టారు కూర్చుని దానికి యూనివర్సిటీలు పోల్చి చెప్పారు.

నన్ను అక్కా అన్నట్టు అప్పా అని పిలిచేవారు. నన్నూ లేవనిచ్చేవారు కాదు. "బెంగపడేది నువ్వు గదా అప్పా, నువ్వూ ఇను" అనేవారు. ఒకచోట డిగ్రీలోనే స్టాటిస్టిక్స్ చదివుంటేగాని చేర్చుకోరట. దాన్ని జాబితాలోంచి కొట్టేశారు. మన ఊళ్లోది లెక్కలు చదివినవాళ్లనూ తీసుకుంటుంది గానీ సీట్లు కొద్ది. దూరంగా ఉన్న ఇంకొకదాంట్లో మొదటి ఆర్నెల్లూ పునాది నుంచి చెబుతారు. కానీ పిల్లను ఒంటరిగా హాస్టల్లో పెట్టాలి.

"పెద్ద పేరున్నదేదో సూసి పెట్టించండి మాస్టారూ" అన్నాను.

"పేరు సూసి సేప కొంటావేటప్పా? మొప్ప ఎత్తి సూడవా? ఇక్కడా అంతే, లోపల ఏటి సెప్తన్నారో సూడాల."

నేను నెత్తళ్ల చేపలు వేపితే వాసనకే దిగివచ్చేవారు. "మా ఆవిడకి సెప్పకప్పా" అని నిలబడే తినేవారు. నా భయాలకు నవ్వేవారు. "నువ్వు బెంగపడ్డవాట్లో ఎన్ని జరిగాయో ఎప్పుడైనా లెక్కేసేవా?" అనేవారు. పిల్లకు జ్వరమొస్తుందని, బస్సు బోల్తాపడుతుందని, సీటు రాదని, అన్నిటికీ బెంగపడ్డాను. ఆయన పోతారని మాత్రం ఒక్కనాడూ పడలేదు.

మిగిలిన రెండింటిలో ఏది ముందు పెట్టాలో తెల్లారి చెబుతానన్నారు. "ఆ దూరందాంట్లో నా పాత స్నేహితుడున్నాడు, అడిగి సెప్తాను. నువ్వెళ్లి పడుకో అప్పా" అన్నారు. నేను విన్న ఆఖరి మాట అదే.

ఏ యూనివర్సిటీ ముందో ఫోనులో ఆప్షన్లు పెట్టడానికి ఆయన పోయిన రోజు రాత్రే గడువు. శవం వీధి దాటేదాకా మావాళ్లు మంచిపని ముట్టుకోరు. పిల్ల ఫోను ఒళ్లో పెట్టుకుని ఏడుస్తూ కూర్చుంది. ఆయన్ని తీసుకెళ్లేసరికి పొద్దు వాలింది.

"ఏది ముందు పెట్టమంటావు మామ్మా?"

"నాకేటి తెలుసే తల్లీ!"

"మాస్టారైతే ఏటనుండేవోరు?"

అన్ని సాయంత్రాలు పక్కనే కూర్చుని విన్నాను. అయినా ఒంటరి హాస్టలే కళ్లముందు మెదిలింది. అది నా ముఖం చూసి ఊళ్లోదే ముందు పెట్టేసింది. మొప్ప ఎత్తి చూసి కాదు, నా భయం చూసి. సరిదిద్దే మనిషి లేడు.

పైన ఇల్లు కడుగుతున్నారు. మెట్లమీంచి నీళ్లు దిగివచ్చాయి. కింది మెట్టు మీద పిల్ల పాదాలు పైకెత్తుకుని అలాగే కూర్చుంది. నీళ్లు దాని కిందుగా వీధిలోకి పోతూనే ఉన్నాయి.