బత్తి గుర్తు

మా అక్క భర్త, అంటే నాకు బావ, మిలిటరీ మనిషి. సరిహద్దు కొండల మీద యుద్ధం చేసి, మోకాట్లో ఇనుప ముక్కతో ఇంటికొచ్చాడు. అంత యుద్ధం చూసినవాడు, మా ఊరి పక్క గనిలో మధ్యాహ్నం బ్లాస్టింగ్ మోగితే చాలు, పక్కన ఎవరుంటే వాళ్లను లాక్కుని నేలకు కరుచుకునేవాడు. ఊరు నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి, బావమరిదిని కదా.

మా ఊరు గోదావరిఖని పక్కనే. బొగ్గు కోసం ఓపెన్‌కాస్టు తవ్వకం పొలాలు మింగి ఇళ్ల దాకా వస్తోంది. బావ తల్లిని అందరం అవ్వ అనేవాళ్లం. చస్తే ఈ ఇంట్లోనే చస్తానని ఆమె పట్టు. ఆ మాట పట్టుకునే బావ సర్పంచ్‌గా నిలబడ్డాడు. గ్రామసభ వద్దంటే తవ్వకం ఆగుతుందని ఆయన నమ్మకం. ఎక్కడ ఆగుతుంది బావా, అన్నాను.

"పోస్టు ఇడిసిపెట్టి వచ్చుడు నాకు రాదుర," అన్నాడు.

ఎన్నికల్లో ఆయనకు టార్చిలైటు గుర్తు ఇచ్చారు. మా ఊళ్లో సగంమంది గని కార్మికులం. గని దిగేటప్పుడు టోపీకి పెట్టుకునే లైటును బత్తి అంటాం. అది లేనిదే లోపల అడుగు పడదు. అందుకే షిఫ్టు దిగినవాళ్లు దిగినట్టే ఇంటింటికీ పోయి, మన బత్తికే ఓటెయ్యమని చెప్పారు. టార్చిలైటు అన్నవాడు ఒక్కడు లేడు, మా తెలివి తగలెయ్య!

అదే ఓటు కాగితం మీద ఇంకొకడికి కొవ్వొత్తి గుర్తు. వాడెందుకు నిలబడ్డాడో వాడికే తెలియదు. కొవ్వొత్తిని మా దగ్గర మోంబత్తి అంటారు. బత్తి అన్న మాటొక్కటే చెవినపడ్డ ఆడవాళ్లు, ముసలివాళ్లు, పాపం, మండుతున్న కొవ్వొత్తి మీద ముద్ర గుద్దారు. బడిలో లెక్కిస్తుంటే దాని కుప్ప పెరుగుతూ పోయింది. ఆ కొవ్వొత్తివాడే బిత్తరపోయాడు. బావ కొద్దిలో ఓడిపోయాడు. గెలిచినవాడు మూడోవాడు, ఊరిని గనికి ఇచ్చేద్దామన్నవాడు.

ఇంటికొస్తే అవ్వ గడపలో కూర్చుని ఉంది.

"బత్తి మీదనే గుద్దిన కొడుకా. మంచిగ మండుతాంది," అంది.

నేను నోరు తెరవబోతే బావ నా చెయ్యి గట్టిగా నొక్కాడు. మంచిపని చేశావని తల్లితో అన్నాడు.

కొత్త సర్పంచ్ సంతకం పెట్టాడు. ఒక్కో వాడా ఖాళీ అవుతూ వచ్చింది. మా వాడ ఇంకా మిగిలి ఉండగానే తెలంగాణ ఉద్యమం ఊపందుకుంది. ఒక పార్టీవాళ్లు బావను పిలిచి, పతకాలు పెట్టుకుని రమ్మన్నారు. పెద్దపల్లిలో సభైనా, బసంత్‌నగర్‌లో ధర్నా అయినా ఆయనకు ముందు వరసలో కుర్చీ. మైకు మాత్రం ఏనాడూ ఇవ్వలేదు. ఊరి సంగతి ఎత్తితే, ముందు తెలంగాణ రానియ్యమనేవారు. నాకు ఒళ్లు మండేది. పెళ్లికి తెచ్చిన గుర్రంలా నిలబెడుతున్నారు, పోకు బావా, అన్నాను. ఇంకెక్కడికి పోవాలిరా అన్నాడు.

తెలంగాణ రాకముందే అవ్వ ఇల్లు కూలింది. ఆ గడప ఉన్నచోట ఇప్పుడు డంపర్లు తిరిగే గొయ్యి.

తెలంగాణ వచ్చిన రోజు, మమ్మల్ని తెచ్చి పడేసిన కాలనీలో పటాకులు కాల్చారు. మొదటి చప్పుడుకే బావ నేలకు కరుచుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. మెల్లగా లేచి, దుమ్ము దులుపుకుని, అవ్వ మంచం మీద కూర్చున్నాడు.

"నేను బత్తికే గుద్దితి గద," అంది అవ్వ. ఇన్నేళ్లూ ఆమె మనసులో అదే నలుగుతోందని అప్పుడు తెలిసింది. "మరి నువ్వెట్ల ఓడినవ్ కొడుకా?"

"అందరు నీ లెక్క గుద్దలే అవ్వా."

"నా ఇల్లు ముంచిండ్లు," అంది ఆమె. "వాళ్ల చేతులు పడిపోను."

బావ ఆమె కుడిచెయ్యిని తన రెండు చేతుల్లోకి తీసుకుని నిమురుతూ కూర్చున్నాడు.