గీత కింద పేరు

నేను చూసిన అతి పెద్ద సీనియారిటీ గొడవ ఒకే ఒక్క లైను ఉన్న ఫైలు మీద జరిగింది. ఆ ఫైలును చదివేది కంప్యూటర్ ఒక్కటే. దానికేమో ఎవరు ముందు, ఎవరు వెనక అన్న పట్టింపే లేదు.

సెల్‌ఫోన్ సిగ్నల్ కోసం మేడ మీదికి ఎక్కే రోజులవి. భద్రాచలంలో ఒక మందుల స్టోరు ఉండేది. అడవి ఊళ్లలోని కేంద్రాలకు మందులు అక్కడి నుంచే వెళ్లేవి. ఖమ్మంలో ఆరు నెలల కోర్సు చేసి నేను అందులో ‘సిస్టమ్స్’ మనిషిగా చేరాను. సిస్టమ్స్ అంటే రెండే. ఒకటి టేబుల్ మీద, ఒకటి టేబుల్ కింద. కిందిది సర్వర్. దానికి కాళ్లు ఆనించుకోని ఉద్యోగి ఆ ఆఫీసులో లేడు.

ఆ సర్వర్‌లో ఒక వెబ్‌సైట్ పెట్టాను. ఏ కేంద్రంలో పాముకాటు ఇంజెక్షన్లు ఎన్ని ఉన్నాయో చెప్పే పేజీ అది. ప్రతివాడూ వేలు పెట్టకుండా దానికి కాపలా కూడా పెట్టాను. ఒక్కొక్కరికీ ఒక లాగిన్ పేరు, పాస్‌వర్డ్. ఆపైన గ్రూపు ఫైలు. అందులో ‘స్టోర్’ అని గ్రూపు పేరు, దాని పక్కనే అదే లైన్లో సభ్యుల పేర్లు. ఆ లైన్లో పేరుంటే పేజీ తెరుచుకుంటుంది. లేకపోతే పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా సర్వర్ మళ్లీ పాస్‌వర్డే అడుగుతుంది. నీకు అనుమతి లేదని ముఖం మీద చెప్పే ధైర్యం దానికి లేదు.

పేజీ నింపేది ఒక్క అక్క. ములకలపల్లి అవతలి ఊరి నుంచి బస్సులో నిలబడి వచ్చేది. కేంద్రాలకు ఫోన్లు చేసి, స్టాకు కాగితం మీద రాసుకుని, పేజీలో ఎక్కించేది. కాంట్రాక్టు ఉద్యోగం. పదకొండు లోపు పేజీ నిండకపోతే ఆ రోజు ఆమె రానట్టే అని మా ఆఫీసరు సార్ ఆర్డరు. అలాంటి రోజులు మూడైతే కాంట్రాక్టు పొడిగించరు. కరెంటు పోయినందుకు అప్పటికే రెండు పడ్డాయి. కరెంటుకు మాత్రం ఎవరూ ఆబ్సెంటు వేయలేదు.

మా హెడ్ క్లర్కుకు ఏదైనా కాగితం మీద చూస్తేనే నమ్మకం. గ్రూపు ఫైలును ప్రింటు తీయించుకుని చూశాడు.

“ఏం పిల్లగా, ఆమె పేరు మొదలున్నది, నాది ఐదోది. ఏంది కథ?”

“వరసతో పని లేదు సార్. కంప్యూటర్ చూడదు.”

“కంప్యూటర్ చూడకపోవచ్చు. ఆఫీసు చూస్తది.”

ఆయన పేరు ముందుకు జరిపాను. మధ్యాహ్నానికి ఫార్మసిస్టు తన చేరిక తేదీతో వచ్చాడు. సాయంత్రానికి సర్వీసు రిజిస్టర్లు దిగాయి. చివరికి సార్ తీర్పు చెప్పాడు. ఆ ఆఫీసులో ఏ లిస్టు అయినా ఒకటే పద్ధతి: పర్మినెంటు వాళ్ల పేర్లు పైన, ఒక అడ్డగీత, దాని కింద కాంట్రాక్టు వాళ్లు. దసరా మిఠాయిల లిస్టు కూడా అంతే. గ్రూపు ఫైలుకు మినహాయింపు దేనికి?

కాబట్టి నేను ఫైల్లో చుక్కగీతలతో ఒక గీత కొట్టి, దాని కింద అక్క పేరు రాశాను. ప్రింటు అందంగా వచ్చింది. అందరూ మెచ్చుకున్నారు. ఆ సంబరంలో పేజీ తెరుచుకుంటుందో లేదో చూడటం మరిచిపోయాను.

మర్నాడు పదిన్నరకు అక్క పాస్‌వర్డ్ కొట్టింది. సర్వర్ మళ్లీ అడిగింది. మళ్లీ కొట్టింది.

“తమ్మీ, నిద్రల నేనే గిట్ల పాస్‌వర్డ్ మార్చుకున్ననా ఏంది?” అంది. నవ్వుతూనే అని, మూడోసారి కొట్టింది.

హెడ్ క్లర్కు ఎర్ర పెన్ను మూత తీసి గడియారం చూస్తున్నాడు.

“సార్, నేను గీన్నే కూసున్న గదా,” అంది అక్క.

“కూసున్నవమ్మా, లేవని ఎవరన్నరు? పేజీ రాలే. పేజీ రాకుంటే మనిషి రానట్టే.”

అప్పుడు వెలిగింది నాకు. గీత కింద వేరే లైన్లో రాసిన పేరు ఏ గ్రూపులోనూ లేనట్టే. ఆఫీసు పద్ధతి సర్వర్‌కు ఎవరూ నేర్పలేదు. నేర్పాల్సిన జీతగాణ్ని నేనే. ఆమెను పై లైన్లోకి ఎక్కిద్దామంటే సార్ తీర్పు అడ్డం. సార్ ఏమో ఖమ్మంలో మీటింగులో ఉన్నాడు.

గీతను ముట్టుకోలేదు. దాని కిందే ‘రోజు’ అని ఇంకో గ్రూపు పుట్టించి, అందులో అక్క పేరొక్కటే పెట్టాను. స్టోర్ గ్రూపు వాళ్లయినా, రోజు గ్రూపు వాళ్లయినా లోపలికి రానివ్వమని పేజీ కాపలాకు చెప్పాను. పదీ యాభై రెండుకు పేజీ తెరుచుకుంది. నేను కాగితం చదివాను, అక్క కొట్టింది. రెండు నిమిషాలు మిగిలాయి. హెడ్ క్లర్కు కొంచెం నిరాశగా పెన్ను మూత పెట్టాడు.

కొత్త ప్రింటు చూసి మాత్రం ఉలిక్కిపడ్డాడు.

“ఆమెకు సపరేట్ గ్రూపా?”

“గీత కిందనే ఉంది సార్.”

గీత మీద వేలు పెట్టి చూశాడు. “అవ్, కిందనే ఉన్నది. మరి పైన నాకేది సపరేటు?”

వారం తిరిగేసరికి ఫైల్లో ఏడు గ్రూపులు, ఒక్కో గ్రూపులో ఒక్కో మనిషి. వాటిలో ఆరుగురు ఆ పేజీని ఒక్కసారి కూడా తెరవలేదని సర్వర్ రాసుకుంది. ఎవరికీ చెప్పలేదు. అడిగితే కదా.

నెలాఖరుకు పొడిగింపు కాగితం వచ్చింది. పైన ఆరు పేర్లు దేనికి పెట్టారో తెలియదు, వాళ్లు పర్మినెంటు. కింద గీత. గీత కింద అక్క పేరు. ఆమె రెండుసార్లు చదువుకుని, మడిచి సంచిలో పెట్టుకుంది.

“చూసినవా తమ్మీ, గీత కింద రాసినా కాగితానికి సమజైంది,” అంది. “నీ డబ్బాకే కాలే.”